వేలెడంత అంచు

చిరిగినదాన్ని కుట్టేవాడు, ఊడినదాన్ని అతికేవాడు ఎవరికీ కీడు చేయలేడని లోకంలో ఒక నమ్మకం ఉంది. కత్తి పట్టినవాణ్ణి అనుమానిస్తాం. కలం పట్టినవాణ్ణి కూడా అప్పుడప్పుడు అనుమానిస్తాం. సూదీ దారం పట్టుకుని మూల కూర్చున్నవాణ్ణి మాత్రం ఎవరూ అనుమానించరు. ఓడరేవు పక్కన నావికుల చదువుల గదిలో ముప్పై ఏడేళ్లు పుస్తకాలు బైండు చేసిన మనిషి కూడా తన గురించి తాను అలాగే అనుకున్నాడు. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో తేల్చడానికి ఆయన బాగుచేసిన వేల పుస్తకాలు అక్కర్లేదు. ఒక్కదాని సంగతి చాలు.

చదువుల గది అంటే నిజానికి రెండు గదులు. ముందు గదిలో పొడుగాటి బల్లలు, పాత పత్రికలు, ఓడ దిగినవాళ్లు కూర్చుని కునికే బెంచీలు. వెనక గది బైండరుది. అక్కడ ఇనప ప్రెస్సు, చక్రం తిప్పితే కత్తి కిందికి దిగే కోత యంత్రం, పిండి జిగురు కాగే పొయ్యి, తడిసిన పుస్తకాలు విప్పి ఆరవేయడానికి గోడకూ గోడకూ మధ్య నాలుగు తీగలు ఉండేవి. ఉన్న ఒక్క కిటికీలోంచి సముద్రం కనిపించేది కాదు. గోదాము కప్పు మీదుగా క్రేన్ల మెడలు మాత్రం కనిపించేవి.

రేవు విడిచే ప్రతి ఓడకూ ఆ గది నుంచి నలభై పుస్తకాల చెక్కపెట్టె ఒకటి వెళ్లేది, ఎనిమిది పది నెలలకు తిరిగి వచ్చేది. పొద్దస్తమానం నీళ్ల మధ్య ఉండేవాళ్లకు నీళ్ల కథలు వెగటనుకుంటాం. అది తప్పు. వాళ్లు అన్నిటికంటే ముందు అడిగేవి తుఫానుల పుస్తకాలు, రేవుల పుస్తకాలు, ఓడ మునకల పుస్తకాలే. అయితే మైమరచిపోవడానికి కాదు, తప్పులు పట్టుకోవడానికి. పట్టుకున్న తప్పును పెన్సిలుతో అంచులో రాసి పెట్టడం వాళ్లకు అలవాటు. “ఈ గాలికి ఈ తెరచాప ఎవడూ ఎత్తడు” అని ఒకడు రాస్తే, దాని కిందే “నువ్వు ఎత్తావు, నేను చూశాను” అని ఇంకొకడు రాసేవాడు.

తిరిగి వచ్చిన పుస్తకాన్ని బైండరు కుట్టు ఊడదీసి, ఫారాలు, అంటే మడతపెట్టిన కాగితాల దొంతరలు, విడదీసి ఆరబెట్టేవాడు. చిరుగులకు పల్చటి కాగితం అతికి, పోయిన అక్షరాలను సన్నని కలంతో పూరించి, మళ్లీ కుట్టి ప్రెస్సులో బిగించేవాడు. చివరికి యంత్రంలో పెట్టి మూడు వైపులా అంచులు కోసేవాడు. మామూలుగా ఆ కోత గోధుమగింజంత వెడల్పు ఉండేది. అది పడగానే నల్లబడిన అంచు రాలిపోయి తెల్లని ముఖం బయటపడేది. ఆయనకు వృత్తిలో అన్నిటికంటే ఇష్టమైన క్షణం అదే. రాలిన కత్తిరింపులు గోనెసంచిలోకి పోయేవి. సంచి నిండితే ఓడల లాంతర్లు అమ్మే కొట్టువాళ్లు గాజుబుడ్లు పగలకుండా చుట్టడానికి పట్టుకెళ్లేవారు. ఆ సంచిలోకి ఎందరి పెన్సిలు మాటలు పోయాయో ఆయన ఎన్నడూ ఆలోచించలేదు. ఆయన లెక్కలో అచ్చయినది పుస్తకం, మిగిలినది మురికి.

ఫారాలు ఆరేలోపు చదువుకోవడం వల్ల ఆయనకు తుఫానుల గురించి తెలియని సంగతి లేకుండా పోయింది. అక్షరాల్లో ఎంత వెతికినా దొరకనిది ఒక్కటే: ఆయన ఎన్నడూ ఓడ ఎక్కలేదు.

ఎక్కబోయాడు. పందొమ్మిదో ఏట, పక్కవీధి కుర్రవాడితో కలిసి, ఇద్దరికీ ఒకే ఓడలో పని దొరికింది. బయల్దేరే ఉదయం ట్రంకుపెట్టె భుజాన పెట్టుకుని ఓడ మెట్ల మీద ఒక కాలు మోపాడు. పలక కదిలింది. గట్టుకూ ఓడకూ మధ్య బారెడు నీళ్లు నల్లగా ఉబ్బి తగ్గాయి. ఆయన వెనక్కి వచ్చి, పెట్టె దించి, బూటు లేసు కట్టుకోవడానికి వంగాడు. మెట్లు పైకి లాగేదాకా వంగే ఉన్నాడు. స్నేహితుడు పైనుంచి అంతా చూశాడు, పిలవలేదు.

చెవిలో లోపం ఉందని డాక్టరు ఆపేశాడని ఇంట్లో చెప్పాడు. పది నెలల తరువాత ఓడ దిగిన స్నేహితుణ్ణి తండ్రి నిలదీస్తే, అతను రెప్పయినా వేయకుండా “అవునండీ, ఆ డాక్టరుకి కళ్లు నెత్తి మీదున్నాయి” అన్నాడు. మరి మూడేళ్లకు ఆ స్నేహితుడు అక్కను పెళ్లాడి బావ అయ్యాడు. కొన్నాళ్లకు ఓడ మీద కూలినావికుల మేస్త్రీ, అంటే సరంగు కూడా అయ్యాడు. రహస్యం మాత్రం ఇద్దరి మధ్యే ఉండిపోయింది. దాని ఆనవాలుగా బావ ఒక బిరుదు ఇచ్చాడు: ఒడ్డు కెప్టెన్. అది పుస్తకాల పిచ్చికి వేళాకోళమని అక్క అనుకునేది.

సెలవు మీద వచ్చినప్పుడు బావ నేరుగా వెనక గదికే వచ్చేవాడు.

“ఏం కెప్టెన్, ఒడ్డు మీద వాతావరణం ఎలా ఉంది?”

“తేమ బావా. జిగురు ఆరి చావట్లేదు.”

“ఇదెవడు రాశాడ్రా? ఓడ మునుగుతుంటే వంటవాడు పాట అందుకున్నాడట! మా వంటవాడైతే బకెట్టు అందుకుంటాడు.”

“అది సాహిత్యం బావా.”

“అవునవును, వాంతులు ఎవడు రాస్తాడు?” అంటూనే చెవి సందులోంచి పెన్సిలు తీసేవాడు.

“అంచుల్లో గీకకు, నీకు పుణ్యముంటుంది! ఎలాగూ కోతలో పోయేదే కదా.”

“నా రాత చూస్తే నీ చెయ్యి ఆగదేంట్రా?”

“ఎవరి రాతయితే ఏంటి? కత్తికి అన్నీ ఒకటే.”

“సరే, నువ్వు కోస్తూ ఉండు, మేం రాస్తూ ఉంటాం” అనేవాడు బావ. ఇద్దరూ నవ్వుకునేవారు.

ఇక్కడ ఇంత కబుర్ల పోగు అయిన బావకు ఇంట్లో నోరు పెగిలేది కాదు. పెళ్లయిన ఇరవై మూడేళ్లలో ఇంటి పట్టున ఉన్న రోజులన్నీ కూడితే నాలుగేళ్లకు మించవు. పిల్లలు లేరు. సముద్రం ఎలా ఉంటుందని అక్క అడిగితే “నీళ్లే. ఇంకేముంటుంది?” అనేవాడు. ఆఖరి సెలవులో మాత్రం ఒక మాట ఇచ్చాడు: ఈసారి అన్నీ రాసుకొస్తానని. ఈ మాట సంగతి బైండరుకు తెలియదు.

బావ వెళ్లిన ఓడ తొమ్మిదో నెలలో వచ్చింది. బావ రాలేదు. ఎక్కడో దూరపు రేవులో వేరే ఓడకు మారాడట. పెట్టె మాత్రం వచ్చింది. అందులో తుఫానుల మీద నాలుగు వందల ఎనభై పేజీల లావుపాటి పుస్తకం ఉంది. బైండరు దాన్ని అంతకు ముందే రెండుసార్లు స్వయంగా కుట్టాడు, లెక్కలేనన్నిసార్లు చదివాడు. అందులో లోపమున్నదని ఎవరైనా అంటే తనను అన్నట్టే బాధపడేవాడు.

శనివారం చదువుల గదిని నడిపే కమిటీవాళ్లు తనిఖీకి వస్తారు, నలభై పుస్తకాలూ అల్మరాలో ఉండాలి. బైండరు ఎప్పటిలాగే అంచుల్లోని రాతల వంక చూడకుండా హడావుడిగా కుట్టు పూర్తిచేసి, తడి మరక ఎంత లోపలికి పోయిందో చూడటానికి పుస్తకాన్ని నడిమికి తెరిచాడు. అది ఒక యువకుడు ప్రయాణం మానుకుని గట్టు మీద నిలబడిపోయే ఘట్టం. పక్కన అంచులో కాగితం నొక్కుకుపోయేలా గుండ్రని అక్షరాలు ఉన్నాయి. బావ రాతే. ‘ఓడ ఎక్కనివాడి సంగతి ఈ రచయితకేం తెలుసు? మా బావమరిదిని అడగాల్సింది.’

దాని కింద ఇంకా పన్నెండు వరుసలున్నాయి. ఆయన చదవలేదు. చెవులు వేడెక్కాయి. ఆ పెట్టె ముప్పై మంది చేతుల్లో నలిగి వచ్చింది. ఇరవై ఆరేళ్లు దాచిన మాటను బావ నలుగురూ చదివే పుస్తకానికి ఎక్కించాడు, అదీ ఈ పుస్తకానికి. ఆయన మిగతా పేజీలు తిరగెయ్యలేదు. పుస్తకాన్ని యంత్రంలో పెట్టి, గోధుమగింజ కొలతను వేలెడు వెడల్పుకు జరిపి, చక్రం తిప్పాడు. తడి అంత లోపలికి పోయిందని తనకు తాను చెప్పుకున్నాడు. నిజానికి తడి అందులో సగం దూరమే పోయింది.

మూడు వారాలకు కబురు వచ్చింది. ఇరవై ఆరేళ్లు తుఫానుల్లో తిరిగిన సరంగు, అల కూడా లేని రేవులో, వానకు తడిసిన ఓడ మెట్ల మీద కాలు జారి తలకు దెబ్బ తగిలి పోయాడు. అలాంటి చావును పుస్తకాలవాళ్లు ఎవరూ రాయరు. రాసినా ఎవరూ నమ్మరు.

నెల తిరిగాక అతని ట్రంకుపెట్టె వచ్చింది. ఆ మరుసటి గురువారం అక్క ఒక కవరు పట్టుకుని వెనక గదికి వచ్చింది.

“ఇదిగో, పెట్టెలో దొరికింది. నేను చదివాన్లే. నీ నోటితో విందామని తెచ్చాను.”

బైండరు చేతులు తుడుచుకుని చదివాడు. ‘నీకు చెప్తానన్నవన్నీ లావు తుఫాను పుస్తకంలో రాశాను. ఉత్త కాగితం ముందు కూర్చుంటే నాకు ఏమీ తోచదు. అచ్చులో ఎవడో ముందు ఒక మాట అంటే, అది కాదు ఇలా అని చెప్పడం నాకు సులువు. పుస్తకం పెట్టెలో పంపించాను. తమ్ముడి చేతికే వస్తుంది కదా. వాడి దగ్గర భద్రం.’

ఆఖరి మాట పలకకుండానే ఆయన కాగితం మడిచేశాడు. అది దుఃఖమనుకుంది అక్క.

“ఏదిరా ఆ పుస్తకం?”

“చూడాలక్కా. పెట్టెలు కలగాపులగం అయిపోయాయి.”

“పోనీలే, కంగారేం లేదు. వచ్చే గురువారం వస్తాను” అంది.

ఆమె వీధి మలుపు తిరిగేదాకా ఆగి ఆయన పుస్తకం తీశాడు. ఈసారి మొదటి పేజీ నుంచి చూశాడు. నాలుగు వందల పేజీలకు పైగా రాత ఉంది, ఒక్క వాక్యమూ పూర్తిగా లేదు. కుడిచేతి పేజీల్లో మాటల తలలు మిగిలి తోకలు పోయాయి. ఎడమచేతి పేజీల్లో తోకలు మిగిలి తలలు పోయాయి. గట్టు మీది యువకుడి పేజీలో పైవరుసల కిందివాటిలో పోల్చుకోగలిగినది ఇంతే: ‘ఆ రోజు వా... లేసు కట్టు... పైనుంచి చూ... నేను కూ...’

‘నేను కూడా’ అని బావ ఏం రాశాడు? నవ్వాననా? ఏడ్చాననా? దిగిపోదామనుకున్నాననా? పన్నెండు వరుసలు చదివే ఓపిక ఆ రోజు ఉండి ఉంటే తెలిసేది. ఆయన ఎన్నో తత్వగ్రంథాలకు కూడా అట్టలు వేశాడు. కోపం క్షణికమని వాటన్నిటిలోనూ ఉంది. ఆ క్షణం ఏం చేసి పోతుందో చూసి రాసినవాడు ఒక్కడూ తగల్లేదు.

మధ్యాహ్నం ఆయన లాంతర్ల కొట్టుకు పరుగెత్తాడు. కొట్టు పెద్దాయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని చూశాడు.

“కత్తిరింపులా? అవి వెనక్కి ఎవరు అడుగుతారయ్యా? సగం ఇప్పటికే ఏడు సముద్రాలూ దాటాయి.”

“మిగతా సగం ఒకసారి చూడనివ్వండి.”

“చూడు, చూడు. బుడ్డి ఒక్కటి పగిలినా ఊరుకోను సుమా. ఇంతకీ ఏం పోయింది?”

“ఒక వాక్యం.”

పెద్దాయన ఆయన్ను ఎగాదిగా చూశాడు. “మా ఇంట్లో రోజుకి వంద వృథా అవుతాయి, వచ్చి ఏరుకో” అని, ఎదుటివాడు నవ్వకపోవడం గమనించి, స్టూలు ఒకటి జరిపాడు.

మూడు మధ్యాహ్నాలు ఆయన గాజుబుడ్ల మధ్య కూర్చుని చిక్కుపడిన కాగితపు పీలికలు విప్పాడు. బావ అక్షరాలున్నవి పదకొండు దొరికాయి. రెండే పుస్తకంలోని ముక్కలకు అతికాయి. ఒకటి తాడు ముడి గురించి. రెండోది ఇది: ‘నెల దాటితే బంగాళాదుంపలు మొలకలేస్తాయి. గోనె విప్పితే మట్టి వాసన. ఆ పూట మన పెరడు గుర్తొచ్చి కూర తినలేకపోతాను.’ గట్టు మీది వాక్యం దొరకలేదు.

ఇక ఆయనకు తెలిసిన దారి ఒకటి మిగిలింది. పోయిన అక్షరాలను పూరించడం వృత్తిలో భాగమే కదా. బావ రాతను చిన్నప్పటి నుంచి చూస్తున్నాడు, మాట తీరు కంఠతా వచ్చు. అంచులకు కొత్త కాగితం అతికి, పెన్సిలు గట్టిగా నొక్కి నింపితే ఎవరు పోల్చగలరు? ఒక చిత్తుకాగితం మీద ప్రయత్నించాడు: ‘నేను కూడా దిగిపోదామనుకున్నాను. వాడికి ఉన్న తెగువ నాకు లేకపోయింది.’

అచ్చం బావ రాసినట్టే ఉంది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. తన జీవితంలో తాను చేసిన పనుల్లో అదే నిఖార్సయినదని తోచింది. తోచిన మరుక్షణమే పెన్సిలు కింద పెట్టేశాడు. వేలెడు అంచు కోసిన రోజున పుస్తకం తనకు నచ్చినట్టు ఉండాలనుకున్నాడు. ఇప్పుడూ అంతే. ఆ చిత్తుకాగితాన్ని చించి జిగురు కాగే పొయ్యిలో వేశాడు.

గురువారం దాకా ఆగితే మళ్లీ నీళ్లు నములుతానని భయపడి, బుధవారం ఉదయమే అక్క ఇంటికి వెళ్లాడు. ముందు గదిలో బావ ట్రంకుపెట్టె మీద దుప్పటి పరిచి ఉంది. అక్క దాన్నే కుర్చీలా వాడుకుంటోంది.

“దొరికిందా?” అంటూ లేచింది.

“పోలేదక్కా. మొదటి నుంచీ నా దగ్గరే ఉంది. అంచులు కోసేశాను.”

ఆమె పుస్తకం తీసుకుని, తెరిచి, వేలితో ఒక అంచు తడిమింది. “తడిసిందని కోశావా?”

“సగం తడికి. సగం కోపానికి.”

“ఎవరి మీద?”

అప్పుడు ఆయన బూటు లేసు సంగతి చెప్పాడు. అది చెప్పకుండా ఇది చెప్పడం కుదరలేదు. అక్క పుస్తకం మీంచి తలెత్తింది.

“మరి నీ చెవి?”

“శుభ్రంగా వినపడుతుంది.”

ఆమెకు నవ్వు తన్నుకొచ్చింది. “ఓరి నీ! నాన్న పోయేదాకా ఆ డాక్టర్ని తిడుతూనే ఉన్నాడు కదరా! ఎదురుపడితే మొహం మీదే తలుపేసేవాడు. పాపం ఆ డాక్టరు...” నవ్వుతూ నవ్వుతూనే కొంగు కళ్లకు అద్దుకుంది. అద్దుకున్న కొంగు తీసేసరికి ముఖంలో నవ్వు లేదు. “ఇరవై మూడేళ్లు కాపురం చేశాను, ఆయన నాకు చెప్పలేదు. నువ్వూ చెప్పలేదు. ఆయన తన మాటలు తీసుకెళ్లి పుస్తకంలో పెట్టాడు, నువ్వు వాటిని కోసి సంచిలో పోశావు. మీ ఇద్దరి మధ్యా నేనెక్కడున్నాన్రా?”

ఆమె పుస్తకం ఆయన చేతికి తిరిగి ఇచ్చింది.

“చదువు” అంది.

“ముక్కలే ఉన్నాయక్కా.”

“ముక్కలే చదువు. నీ మాట ఒక్కటి కలిపావో, నాకు తెలిసిపోతుంది.”

ఆయన ట్రంకుపెట్టె పక్కన నేల మీద కూర్చుని చదవడం మొదలుపెట్టాడు. తెగిన చోట ఆగి, తరువాతి ముక్కకు వెళ్లాడు. బంగాళాదుంపల దగ్గర అక్క “మళ్లీ” అంది. మళ్లీ చదివాడు. గట్టు మీది పేజీకి వచ్చేసరికి మధ్యాహ్నం అయింది.

“‘నేను కూ’ ఏంటి? నేను కూడా ఏంటట?”

“తెలీదు.”

“నీకేం అనిపిస్తోంది?”

“నాకు కావలసిందే అనిపిస్తుందక్కా. అది బావ రాసింది కాదు.”

అక్క పుస్తకం తీసుకుని మూసేసింది. తాను క్షమించానని అనలేదు. ఆయనా అడగలేదు. ఆ తరువాత నాలుగు నెలలు ఆమె చదువుల గది వైపు రాలేదు. అయిదో నెలలో ఎవరితోనో కబురు పంపింది: కళ్లు సరిగా ఆనడంలేదు, వీలుంటే వచ్చి చదవమని.

కోత యంత్రం మీది కత్తిని ఆయన అప్పటికే విప్పేసి నూనెగుడ్డలో చుట్టి అల్మరా అడుగున పెట్టాడు. కమిటీ కార్యదర్శి పెదవి విరిచాడు. “అంచులు ఎలుకలు కొరికినట్టున్నాయయ్యా. ఇలాంటివి ఓడల మీదికి ఎలా పంపడం?” ఇకపై కుట్టడం, అతకడం మాత్రమే చేస్తానని, కోయాలంటే వేరే మనిషిని పెట్టుకోమని బైండరు చెప్పాడు. వేరే మనిషి దొరకలేదు. తరువాతి పదకొండేళ్లు ఆ గది నుంచి వెళ్లిన పుస్తకాలన్నీ ఎగుడుదిగుడు అంచులతోనే వెళ్లాయి. కుట్టబోయే ముందు ప్రతి అంచునూ ఆయన చివరి వరుస దాకా చదివేవాడు, తనను తిట్టినవి కూడా. అంతకు ముందు ఇరవై ఆరేళ్లలో సంచిలోకి పోయినవాటికి చేయగలిగింది ఏమీ లేదు.

లావు తుఫాను పుస్తకం అక్క ఇంట్లోనే ఉండిపోయింది. ఆమె ఉన్నన్నాళ్లూ ప్రతి గురువారం ఆయన వెళ్లి అందులో కొన్ని పేజీలు చదివాడు. మాట ఎక్కడ తెగిందో అక్కడే ఆగాడు. గట్టు మీది పేజీని దాటవేయలేదు, దానికి ఒక్క అక్షరమూ చేర్చలేదు.